కడుపు నిండిన కుక్క ఏడుపు

పొద్దున కార్ఖానాకు బయలుదేరే ముందు ముత్యం తాను తిన్నా తినకపోయినా కుక్కకు మాత్రం పెట్టి వెళ్తాడు. పులుసులో నానబెట్టిన రెండు జొన్నరొట్టెలు, ఆదివారమైతే నాలుగు మాంసం ముక్కలు. గిన్నె ముందు పెట్టి, మెట్ల దగ్గరి ఇనుప కడ్డీకి కట్టిన తాడును ఒకసారి లాగి చూసి, "తిని పండుకో" అని చెప్పి మెట్లు దిగుతాడు. కుక్కను ఇంతకన్నా బాగా చూసుకునేవాడు సూరత్ మొత్తంలో లేడని ఆయన నమ్మకం. మనలో చాలామంది నమ్మకమూ ఇలాంటిదే కాబట్టి ఆయన్ను చూసి నవ్వనక్కర్లేదు.

ముత్యం కుటుంబం సిరిసిల్ల దిక్కు నుంచి వచ్చి సూరత్‌లోని డిండోలిలో ఓ రెండో అంతస్తు గదిలో స్థిరపడింది. ఆయన మరమగ్గం నడుపుతాడు. భార్య స్వరాజ్యం చీరల మూటలు ఇంటికి తెచ్చుకుని, వాటికి వేలాడే దారప్పోగులు కత్తిరిస్తుంది. కూతురు రుచిత తొమ్మిదో తరగతి. వానలో తడుస్తున్న కుక్కపిల్లను తెచ్చింది ఆ పిల్లే. సన్నగా, పొడుగ్గా ఉందని, నాడెలో పెట్టే నూలుకండెలా ఉందని ముత్యమే దానికి 'కండె' అని పేరు పెట్టాడు. పెట్టినప్పుడు ముద్దుగానే ఉంది. పెరిగాక, ఇల్లు ఇరుకని కార్ఖానాలో మిగిలిన నూలుతో తాడు పేని మెట్ల దగ్గర కట్టేశాడు.

కట్టేసిన చోట కండెకు గోడ తప్ప ఇంకేమీ కనపడదు. గిన్నె నాకేశాక ఇక ఆ రోజుకు దానికి పనంటూ లేదు. ఉన్నచోటే గిరగిరా తిరిగేది. ముందరి కాలు పుండు పడేదాకా కొరుక్కునేది. ఆ తర్వాత మొదలుపెట్టేది ఏడుపు. ఒకసారి తాడు తెంచుకుని లోపలికి దూరి స్వరాజ్యం తెచ్చిన చీరల మూటను పీలికలు చేసింది. "తిన్నింటి వాసాలు లెక్కబెడ్తున్నవా!" అని ముత్యం అరిచాడు. ఇరవై ఏళ్లుగా మగ్గాల మోతలో బతికిన గొంతు. ఆయన మామూలుగా మాట్లాడినా తగువు పెట్టుకున్నట్టే ఉంటుంది. ఇక అరిస్తే చెప్పాలా? కండె గోడకు అతుక్కుపోయి అక్కడే నేల తడిపేసింది. దాన్ని చూసి రుచితకు కన్నీళ్లు ఆగలేదు.

కింది అంతస్తులో సోమలింగం ఉంటాడు. రాత్రి పాళీ చేసి పగలు పడుకునే మనిషి. ఒక సాయంత్రం చింతనిప్పుల్లాంటి కళ్లతో పైకి వచ్చాడు.

"అన్నా, నీ మీద నాకు కోపం లేదు. పగలంత గీ లొల్లికి కన్ను మూతపడ్తలేదు. రాత్రి సాంచ మీద కునికిన. జరైతే చెయ్యి పట్టాల పడుతుండె."

సాంచ అంటే మరమగ్గం, పట్టా అంటే దాన్ని తిప్పే బెల్టు. అందులో చెయ్యి పడితే ఏమవుతుందో మగ్గం నడిపేవాడికి ఒకరు చెప్పాల్సిన పనిలేదు. "రజా రోజు మన పరమేశ్ టెంపో బార్డోలీ పోతది. దీన్ని చెరుకు తోటల కాడ దింపి రమ్మంట, తమ్మీ" అన్నాడు ముత్యం. రుచిత ఆ పూట అన్నం ముట్టలేదు.

రజా రోజు రానే వచ్చింది. వారానికొకసారి కార్ఖానా ఆగే రోజు. పనిమంతుడికి సెలవు కన్నా పెద్ద శిక్ష లేదు. ముత్యం నిద్ర లేచాడు, మళ్లీ పడుకున్నాడు, మళ్లీ లేచాడు. గిన్నెల మూతలు తీసి చూశాడు. ఫ్యాను ఆపి, ఎందుకు ఆపానని మళ్లీ వేశాడు. పప్పులో ఉప్పెక్కువైందని, బయట పిల్లలు గోల చేస్తున్నారని, అందరి మీదా విసుక్కున్నాడు. చివరికి చాప మీద కూలబడి, మధ్యాహ్నం రావలసిన టెంపో కోసం ఎదురు చూడసాగాడు.

"ఏంది గది?" అంది స్వరాజ్యం కత్తెర పక్కన పెట్టి.

"ఏది?"

"నీ చేతుల చూడు."

చూసుకున్నాడు. తనకు తెలియకుండానే చాప అంచు పోగులన్నీ ఒక్కొక్కటే లాగేశాడు. జానెడు మేర చాప విడిపోయి ఉంది. గుమ్మం అవతల కండె కూడా సరిగ్గా అదే పనిలో ఉంది. తాడు కొసను పళ్లతో పోగులు పోగులుగా విప్పుతోంది.

స్వరాజ్యం గొంతు పెంచలేదు. "కడుపు నిండ తిన్నవు. నెత్తి మీద ఫ్యాను తిరుగుతున్నది. ఒక్కనాడు పని లేకపోతే చాపంత పీకి పెడ్తివి. దానికి నువ్వు దినాం రజా ఇచ్చినవు. అది ఏం పీకాలె?"

ముత్యం చేతిలోని పోగులవైపు, బయటి తాడువైపు చాలాసేపు చూశాడు. పుండు పడిన ఆ కాలు ఇన్నాళ్లూ తన కళ్లెదుటే ఉంది.

లేచి కండె ముందు గొంతుక్కూర్చున్నాడు. మాట్లాడితే బెదురుతుందని నోరు మెదపలేదు. మాట లేనిచోట ఆయన చెయ్యి తన అలవాటు చొప్పున తానే కదిలింది. మగ్గాల మోతలో ఎవరి మాటా ఎవరికీ వినపడదు కాబట్టి కార్ఖానాలో అంతా సైగల మీదే నడుస్తుంది. రొమ్ము మీద రెండుసార్లు తడితే 'నా దగ్గరికి రా' అని. కండె తల పక్కకు వాల్చి ఆ చేతినే చూసింది. ఆయన మళ్లీ తట్టాడు. అది ఒక్కో అడుగూ వేసుకుంటూ వచ్చి మోకాలికి మూతి ఆనించింది. అరుపుకు అదిరిపోయే జీవం సైగకు దగ్గరైంది.

"బాపూ, సమఝ్ గయీ! దానికి సమజైంది!" అని రుచిత ఎగిరి గంతేసింది.

ముత్యం తాడు విప్పేశాడు. నూలు అయిపోయిన అట్ట గొట్టాలు ఇంట్లో మూలన పడి ఉన్నాయి. ఒకదానిలో రొట్టె ముక్కలు కుక్కి, రెండు మూతుల్లోనూ చింపిన కాగితం దోపి నేల మీద దొర్లించాడు. కండె దాని వెంట పడింది. వాసన చూసింది, కాలితో తొక్కిపట్టింది, దొర్లించింది, పళ్లతో కాగితం లాగింది. గిన్నెలో ఇట్టే మాయమయ్యే రొట్టె దొరకడానికి దానికి బోలెడంత పని పట్టింది. ఆ తర్వాత రుచిత తలుపు చాటున ఇంకో గొట్టం దాచి వెతికించింది. అలసిన కండె చివరికి గడప మీద కాళ్లు బారజాపి పడుకుంది.

కింద టెంపో హారన్ మోగింది. రుచిత తండ్రి మొహంలోకి చూసింది. ముత్యం పిట్టగోడ మీంచి వంగి, బొటనవేలెత్తి గాలిలో ఒక సున్నా చుట్టాడు. మగ్గం బాగానే నడుస్తోంది, నువ్వు పోవచ్చు అని దానర్థం. ఒకప్పుడు మగ్గం నడిపిన పరమేశ్ నవ్వి బండి ముందుకు పోనిచ్చాడు.

పొద్దుగూకే వేళ సోమలింగం పైకి వచ్చాడు. చాలారోజుల తర్వాత నిద్ర తీరిన మొహం. "పంపించినవా అన్నా? సప్పుడే లేదు" అంటూనే గడప మీది కండెను చూసి ఆగిపోయాడు.

"పని జేసి అలిసింది తమ్మీ, పండుకున్నది" అన్నాడు ముత్యం.

ఒక్కరోజులో అంతా చక్కబడిందంటే అది కట్టుకథ అవుతుంది. ఆ వారంలోనే కండె మళ్లీ ఏడ్చింది, ఒక చెప్పు కూడా కొరికింది. అయితే ఇప్పుడు ముత్యం అరవడం లేదు. పొద్దున డ్యూటీకి ముందు దాన్ని వీధి చివరిదాకా తిప్పుతాడు, ప్రతి స్తంభం దగ్గరా ఆగి వాసన చూడనిస్తాడు. మెట్ల దగ్గర కాక, వీధి కనపడే కిటికీ కింద దానికి చోటు దొరికింది. కాలి పుండు మానుతోంది. ఒకనాడు రాత్రి పాళీ దిగి వచ్చిన సోమలింగం, "ఇయ్యాల నేను తిప్పుకొస్త" అని తానే అడిగి తీసుకుపోయాడు.

తిరిగి వచ్చాక మనసులో మాట అడిగేశాడు. "ఇన్నొద్దులు దీనికి ఏం తక్కువైంది అన్నా? కడుపు నిండ పెడ్తనే ఉంటివి గద."

ముత్యం కండె మెడ నిమిరాడు. ఆ గొంతు ఎన్నడూ లేనంత మెల్లగా పలికింది.

"నేను దాని కడుపునే జూసిన తమ్మీ. దానికి మనసున్నదని మర్చిపోయిన. ఇంట్ల పెంచుకున్న జీవానికి బువ్వ పెడితేనే సరిపోదు, చేసుకునేందుకు ఇంత పని, మనతోని ఇంత ఆట గూడ పెట్టాలె."