పాట అయ్యేదాకా

"పాటలేగా, ఎక్కడికి పోతాయి? తర్వాత ఎప్పుడైనా వినొచ్చు," అన్నాడు భర్త, చేతిలోని సాక్సు పైకెత్తి చూపిస్తూ. "దీని జత ఏదీ?"

దాని జత ఆయన కూర్చున్న మంచం మీదే, మడతపెట్టాల్సిన బట్టల కుప్పలో ఉంది. ఆమె తీసి ఇచ్చింది. సాక్సు దొరికింది కాబట్టి మాట అక్కడితో అయిపోయిందనుకుని ఆయన బూట్లు వేసుకుని వెళ్ళిపోయాడు. ఆమెకి మాత్రం అవలేదు. దుప్పటి మడతపెట్టి, విప్పి, మళ్ళీ మడతపెట్టింది.

విషయం ఏమిటంటే, ఆదివారం సాయంత్రం జులపాలవాళ్ళ ఆఖరి కచేరీ. ఆ బృందానికి వేరే పేరుంది, లోకమంతా ఆ పేరుతోనే పిలుస్తుంది. జులపాలవాళ్ళన్నది ఆమె తండ్రి పెట్టిన పేరు. గోడ మీద అంటించుకున్న బొమ్మలో అయిదుగురు కుర్రాళ్ళని చూసి, "ఒక్కడికైనా దువ్వెన కొనిపెట్టే దిక్కు లేదా వీళ్ళకి?" అన్నాడాయన. పెళ్ళయ్యాక చీరలతో పాటు ఆ పేరు కూడా అత్తవారింటికి వచ్చేసింది. ఇప్పుడా అయిదుగురిలో ఇద్దరికి దువ్వెనతో పనే లేదు. మిగిలినవాళ్ళవి తెల్లబడ్డాయి. ఇదే చివరిసారి, ఇక పాడం అని చెప్పేశారు. టీవీలో నేరుగా చూపిస్తారు. నెల ముందే ఆమె ఇంట్లో అందరికీ చెప్పుకుంది. భర్త, "ఓ, భేషుగ్గా చూడు," అన్నాడు. అన్నవాడే నిన్న రాత్రి వాళ్ళ అక్కని, బావని ఆదివారం భోజనానికి పిలిచాడు. ఆదివారమైతేనే అందరికీ కుదురుతుందట. ఆ అందరిలో తను లేదన్న సంగతి ఆమెకి వెంటనే తట్టలేదు, గిన్నెలు తోముతుంటే తట్టింది.

భర్త చెడ్డవాడేం కాదు. అదే వచ్చిన చిక్కు. చెడ్డవాడైతే నలుగురిలో చెప్పుకుని ఏడవచ్చు. ఈయన గొంతు పెంచడు, జీతం దాచుకోడు. పెళ్ళిచూపుల్లో ఆమె ఇష్టాలేమిటో అడిగి, జులపాలవాళ్ళ పేరు వినగానే "నాక్కూడా ప్రాణం" అన్నాడు. ఆమె పొంగిపోయింది. పెళ్ళయ్యాక తెలిసింది, వాళ్ళలో పాడేదెవరో వాయించేదెవరో కూడా ఆయనకి తెలియదని. నవ్వుకుని ఊరుకుంది. ఆమె క్యాసెట్ల పెట్టెలో అత్తగారు గుండీలు, దారపు ఉండలు పెట్టుకుంటే కూడా ఊరుకుంది. "వింటున్నావా ఏంటి వాటిని? ఊరికే పడున్నాయని పెట్టుకున్నా," అంది అత్తగారు. నిజమే మరి, వినడం లేదు. ఊరుకోవడంలో ఆమె అప్పటికే ఆరితేరిపోయింది.

ఆ వారమంతా ఆమె కాలుకాలిన పిల్లిలా తిరిగింది. పొయ్యి కట్టేశానా లేదా అని గుమ్మం దాకా వెళ్ళి వెనక్కి వచ్చేది. బస్సులో సీటు దొరికినా నిలబడేది. ఆదివారం ఎలా గట్టెక్కాలన్న ఆలోచన చెవిలో జోరీగలా రొదపెడుతూనే ఉంది. వంట ముందే చేసేసి, వాళ్ళు వచ్చేసరికి వడ్డించేస్తే? వాళ్ళు వేళకి రారు. పోనీ, వాళ్ళతో కలిసి కూర్చుని చూస్తే? కూర్చోనిస్తే కదా. ఇంతకీ ఎవర్ని బతిమాలుకుంటున్నట్టు? ఇంత వయసొచ్చి, తన ఇంట్లో తను టీవీ చూడటానికి ఇన్ని ఎత్తులు వేయడం తలుచుకుంటే ఆమెకి సిగ్గేసింది. ఆ వెనకే కోపం వచ్చింది. కోపం ఎవరి మీదో తేలక, కూరగాయల కత్తి మీద చూపించింది.

ఆమె పని చేసేది ఓ పెద్ద ఆసుపత్రిలో, ఫోన్ల బల్ల దగ్గర. వచ్చిన ఫోనల్లా ఎత్తి, "లైన్లో ఉండండి" అని చెప్పి, కావలసిన డాక్టరుకి కలపాలి. "మేడమ్, మీ గొంతు బాగుంటుంది, నవ్వు కూడా వినపడితే ఇంకా బాగుంటుంది," అంటాడు మేనేజరు. కాలు విరిగినవాడికి నవ్వు వినిపిస్తే ఏం బాగుంటుందో ఆయనకే తెలియాలి. లైన్లో ఉన్నవాళ్ళకి ఒక సంగీతం వినిపిస్తుంది. అది జులపాలవాళ్ళ తలుపు పాట, మాటలు తీసేసి ఒట్టి బాణీ. ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో ఎవరికీ తెలియదు. పల్లవి అయి చరణం ఎత్తుకోబోయేసరికి అది మళ్ళీ మొదటికొస్తుంది. ఎంతసేపు ఎదురుచూసినా అంతే, చరణం రాదు. డాక్టరు దొరకగానే దాన్ని నొక్కి ఆపాల్సింది కూడా ఆమే.

"అక్కా, ఆదివారం చూస్తున్నారుగా? మీకు బాగా ఇష్టమైన పాటేది?" అని అడిగింది ఎక్స్‌రే గదిలో పని చేసే అమ్మాయి, టీ తాగుతూ.

తడుముకోకుండా చెప్పాల్సిన జవాబు. ఆమె నోరు తెరిచి, ఆగిపోయింది. మొదట రైలు పాట గుర్తొచ్చింది. పై వాటాలో అద్దెకున్న వాళ్ళ కిటికీలోంచి మొదటిసారి విన్నది అదే. నీళ్ళ బకెట్టుతో మెట్ల మీద నిలబడిపోయింది. ఆ పాటలో డప్పు రైలు కదిలినట్టు మెల్లగా మొదలై, వేగం అందుకుని, అందుకుని... "ఎంతసేపే, నీళ్ళు మోయడానికి!" అని అమ్మ కేక. రైలు అక్కడే ఆగిపోయింది. ఇప్పటికీ ఆమెకి ఆ పాట తలుచుకుంటే మూడో చరణం బదులు అమ్మ కేకే వినిపిస్తుంది. తర్వాత ఉత్తరాల పాట. అందులో ఆ అయిదుగురిలో పెద్దవాడైన గాయకుడి గొంతు ఒకచోట జీరబోతుంది, అక్కడికి రాగానే, "చదువుకునే టైములో ఏంటా రొద?" అని నాన్న. నదీ పాట పెళ్ళయిన కొత్తలోది. సగంలో అత్తగారు తలుపు తోసి, "అమ్మాయ్, పాలు పొంగుతున్నాయో ఏమో చూశావా?" అంది. పాలు పొంగలేదు. చూసి రమ్మనడమే ఆవిడ ఉద్దేశం. ఇక తలుపు పాట. అన్నిటికంటే అదే ఇష్టం. పిల్ల పుట్టాక జోలపాట బదులు అదే పాడేది. మొదటి చరణం సగానికి వచ్చేసరికి హాల్లోంచి భర్త, "ఏమోయ్!"

ఆ పాటలు పూర్తిగా ఎప్పుడూ విననే లేదని కాదు. బస్సులో వింది, కూరలు తరుగుతూ వింది. ఫోన్లో పెట్టుకుంటే పాట మధ్యలో ఫోనే మోగుతుంది. ఎప్పుడు విన్నా ఒక చెవి పాటకి, రెండో చెవి ఇంటికి. రెండు చెవులూ పెట్టి, ఒక పాటని మొదటి నుంచి చివరిదాకా ఎప్పుడు విన్నానా అని వెతుక్కుంటే, జీవితంలో ఒక్కసారి కూడా దొరకలేదు. తలుపు పాటలో చివర ఒక తమాషా ఉందని అందరూ అంటారు. అయిపోయిందనిపించేలా అంతా నిశ్శబ్దమైపోయి, చాలాసేపటికి మళ్ళీ మొదలవుతుందట. అంతసేపు ఆమెని ఎవరు ఉండనిచ్చారు? ఇన్నేళ్ళ అభిమానంలో ఆ ముక్క ఆమె చెవిన పడనే లేదు. అది వాళ్ళ నోటితో, ఈ చివరిసారి వినాలన్నదే ఆమె కోరిక. అంతకు మించి ఏమీ లేదు.

"చెప్పండక్కా," అంది ఎక్స్‌రే అమ్మాయి.

"అన్నీ ఇష్టమే," అంది ఆమె. ఫోన్ మోగింది.

ఆదివారం వచ్చింది. అనుకున్నట్టే తల ప్రాణం తోకకొచ్చింది. పొద్దున్నించీ వంటింట్లోనే. అనుకోనిది ఏమిటంటే, ఎప్పుడూ ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఆవేళ పెందరాళే వచ్చేశారు. ఆడపడుచు చేతిసంచీ పక్కన పెట్టి, "నేనేమైనా అందుకోనా?" అంది. "నువ్వు కూర్చోవే, రాక రాక వచ్చావు," అని అత్తగారు కూతురి చెయ్యి పట్టి లాగింది. ఆడపడుచు కుర్చీ అంచు మీద కూర్చుంది, ఎప్పుడు లేవమంటే అప్పుడు లేవడానికి అన్నట్టు. అది ఆమె గమనించింది. తను కూడా అలాగే కూర్చుంటుంది. ఆడపడుచు భర్త సోఫాలో సర్దుకుని, రిమోట్ అందుకుని ఏదో మ్యాచ్ పెట్టాడు.

"బావ మ్యాచ్ చూస్తున్నాడు," అని వంటింటి గుమ్మంలోకి వచ్చి గొంతు తగ్గించి చెప్పాడు భర్త. "అయిపోగానే నీ పాటలు పెడతాలే. నువ్వెలాగూ ఇక్కడే ఉంటావుగా, వినపడేలా సౌండ్ పెంచుతా."

అలా అని, ఉపకారం చేసినవాడిలా ఆమె భుజం తట్టి వెళ్ళాడు. గడియారం చూస్తే కచేరీ మొదలై గంట దాటిపోయింది. తలుపు పాటని వాళ్ళు ఎప్పుడూ చివర్లోనే పాడతారు. ఇంకా టైముందిలే అని తనకు తానే నచ్చజెప్పుకుంటూ కూర కలిపింది, ఉప్పు వేసిందో లేదో మరిచిపోయి మళ్ళీ రుచి చూసింది, గరిటె ఒకచోట పెట్టి ఇంకోచోట వెతికింది. వంటింటి బల్ల దగ్గర కూతురు కంచాలు తుడుస్తోంది. ఒక్క క్షణం కూడా నోరు మూసుకోదని దాన్ని ఇంట్లో అందరూ పిట్ట అని పిలుస్తారు. పిట్ట కంచం తుడుస్తూ తలుపు పాట పాడుతోంది. గొంతు బాగుంది. పల్లవి బాగుంది. మొదటి చరణం ఎత్తుకుంది, సగానికి వచ్చింది.

ఆపేసి, "ఆ, వస్తున్నా!" అంది.

అన్నదే కానీ కదల్లేదు. ఇంకో కంచం తీసుకుని మళ్ళీ పల్లవి మొదలుపెట్టింది.

"ఎవరే పిలిచింది నిన్ను?" అని అడిగింది ఆమె.

"ఎవరూ పిలవలేదే."

"మరి వస్తున్నానన్నావు?"

పిట్ట తల్లిని వింతగా చూసింది. "పాటలో అక్కడ అలాగే కదమ్మా ఉంటుంది? నువ్వెప్పుడూ అలాగే పాడతావుగా."

ఆమె చేతిలో గరిటె ఆగిపోయింది. పిల్ల నేర్చుకుంది తను నేర్పిన పాటే. ఉయ్యాల్లో ఉన్నప్పటి నుంచీ, అన్నం తినిపిస్తూ, జడలు వేస్తూ, తను పాడింది అదే. చరణం సగంలో ఆపి, "ఆ, వస్తున్నా!" అని లేచిపోవడం. అది కూడా పాటేనని పిల్ల ఇన్నాళ్ళూ నమ్మింది. అంత ఇష్టంగా, అంత శ్రద్ధగా, తప్పు పోకుండా నేర్చుకుంది. ఇంకా ఎవరూ పిలవకముందే పలకడం నేర్చుకుంది. ఇన్నాళ్ళూ తనది మాత్రమే పోయిందనుకుంది. తనదే అయితే ఊరుకోగలదు. ఊరుకోవడం తనకి కొత్త కాదు.

పొయ్యి కట్టేసింది. కూర ఇంకా పూర్తిగా ఉడకలేదు. చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంది.

"ఆ కంచాలు అక్కడ పెట్టు. రా," అంది.

"ఎక్కడికి?"

"పాట వినడానికి."

ఇద్దరూ హాల్లోకి వచ్చారు. వడ్డన అయిందనుకుని అందరూ లేవబోయారు. ఆమె నేరుగా వెళ్ళి సోఫా ముందు నిలబడింది. "అన్నయ్యగారూ, ఆ రిమోట్ ఒకసారి ఇలా ఇవ్వండి," అంది. ఆసుపత్రి ఫోన్లో మాట్లాడే గొంతే, నవ్వు లేదంతే. ఆయన ఇచ్చేశాడు, ఎందుకిస్తున్నాడో తెలియకుండానే. ఆమె ఛానెల్ మార్చి, సోఫాలో ఆయన పక్కన మిగిలిన చోటులో, వెనక్కి ఆనుకుని కూర్చుంది. పిట్టని పక్కన కూర్చోబెట్టుకుంది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

"ఏమీ కాలేదు. పాట వస్తోంది."

తెర మీద అయిదుగురు ముసలివాళ్ళు. పెద్ద గాయకుడు కుర్చీలో కూర్చున్నాడు, ఒంట్లో బాగున్నట్టు లేదు. కానీ తలుపు పాట పల్లవి ఎత్తుకునేసరికి అదే గొంతు. చరణం మొదలైంది. సగానికి వచ్చింది. అక్కడ పాట ఆగలేదు. పిట్ట తలెత్తి చూసింది.

"అమ్మా, వాళ్ళు ఆపలేదేంటి?" అంది గుసగుసగా.

"అక్కడ ఆపకూడదు. నేనే తప్పు పాడాను."

రెండో చరణంలో, "అమ్మాయ్, మంచినీళ్ళు," అంది అత్తగారు. అలవాటుగా పిట్ట, "ఆ, వస్తు..." అని లేవబోయింది. ఆమె పిల్ల మోకాలి మీద చెయ్యి వేసి ఆపింది. "పాట అవ్వనీ," అంది. పెద్దగా ఏమీ అనలేదు, గదిలో అందరికీ వినిపించింది. భర్త ఆమెని చూశాడు, వాళ్ళ అమ్మని చూశాడు, మళ్ళీ ఆమెని చూశాడు. ఆడపడుచు కుర్చీ అంచు మీద నుంచి మెల్లగా వెనక్కి జరిగి, వీపు ఆనించింది. "వంటింట్లో ఉంటాయిరా నీళ్ళు. వెళ్ళి తీసుకురా," అంది తమ్ముడితో, తెర మీంచి చూపు తిప్పకుండా.

ఆయన నిలబడే ఉన్నాడు. పాట చివరికొచ్చింది. ఒక్కొక్క వాయిద్యమే తగ్గింది. గాయకుడు కళ్ళు మూసుకున్నాడు. తెర మీద అంతా నిశ్శబ్దం.

"హమ్మయ్య. అయిపోయిందిగా," అన్నాడు భర్త. "ఇక లే మరి."

"అవలేదు," అంది ఆమె.

నిశ్శబ్దం అలా సాగుతూనే ఉంది. ఏమో, అందరూ చెప్పింది అబద్ధమేమో, నిజంగా అయిపోయిందేమో అని ఆమెకి ఒక్క క్షణం భయం వేసింది. అయినా లేవలేదు. కాళ్ళు ఎప్పట్లా లేవబోతే, పాదాలు నేలకి అదిమి పెట్టింది. ఆయన విసురుగా వంటింట్లోకి వెళ్ళాడు. అలమారా తలుపు తీసిన చప్పుడు, మూసిన చప్పుడు, ఇంకోటి తీసిన చప్పుడు.

అప్పుడు, చాలా మెల్లగా, పాట మళ్ళీ మొదలైంది.

"గ్లాసులు ఎక్కడున్నాయి?" అని కేకేశాడు భర్త.

పిట్ట తల్లి మొహంలోకి చూసింది. తల్లి పలకలేదు. రెండు చెవులూ పాటలోనే ఉన్నాయి.