క్రీస్తురాజు చొక్కా

మొగుడి చొక్కా ఉతికే ముందు వాసన చూడటం కరుణాకుమారికి పాత అలవాటు. క్రీస్తురాజు తాగుడు మానేసి చాలా ఏళ్లయింది. సంఘమంతా వింటుండగా నిలబడి సాక్ష్యం చెప్పి మరీ మానేశాడు. అందరూ స్తోత్రం అన్నారు, కరుణ కూడా అంది. ఆమె ముక్కు మాత్రం ఆ సాక్ష్యాన్ని ఇంకా పూర్తిగా నమ్మలేదు. బకెట్లో వేసే ముందు చొక్కాని ఒకసారి ముఖం దగ్గరికి తెచ్చుకుంటుంది. చెమట, రంపపు పొట్టు, ఫెవికాల్. అంతే కదా అనుకుని అప్పుడు సబ్బు పెడుతుంది.

ఆ సోమవారం చొక్కా వేరే వాసన కొట్టింది. సారా కాదు, బ్రాందీ కాదు, ఆ రెండూ ఆమెకి బాగా తెలుసు. ద్రాక్షపళ్లు మూతపెట్టిన డబ్బాలో పులిసిపోతే వచ్చే వాసన. ఇంకోసారి చూసింది. మెడ దగ్గర, చేతుల దగ్గర, జేబు దగ్గర, ఎక్కడ చూసినా అదే. ఆమె చొక్కా పట్టుకుని బావి గట్టు మీద కూర్చుండిపోయింది.

క్రీస్తురాజు వడ్రంగి. ఇందుకూరుపేటలో కొత్త ఇల్లు లేస్తే తలుపులకీ కిటికీలకీ అతన్నే పిలుస్తారు. ఈమధ్య మైపాడు రోడ్డులో నరేంద్రబాబు అనే రొయ్యల చెరువులాయన రెస్టారెంటు కట్టడం మొదలుపెట్టాడు. బీచికి కార్లలో వచ్చేవాళ్ల కోసం. దాంట్లో వైన్ సెల్లార్ ఉండి తీరాలన్నాడు. ఏదో టూరు పోయినప్పుడు చూశాడట, నేల కిందికి మెట్లు, రాతి గోడలు, వరసగా పడుకున్న సీసాలు. మనకీ అట్లాంటిదే కావాలని జేసీబీ పెట్టి తవ్వించాడు. నడుం లోతు పోకముందే ఉప్పునీళ్లు ఊరాయి. ఒకపక్క సముద్రం, మూడుపక్కలా తన చెరువులే పెట్టుకుని నేలమాళిగ కడతానన్న మనిషిని ఏమనాలో నాకైతే తెలియదు. ఆయన మాత్రం మేస్త్రీని తిట్టాడు.

చివరికి మద్రాసు నుంచి సుభాషిణి అనే డిజైనరమ్మ వచ్చి ఆ గుంట పూడ్పించింది. గదిని నేల మీదే, భవనం నడిమధ్యలో, ఒక్క గోడకీ ఎండ తగలకుండా గీసింది. గోడలకి రొయ్యల కోల్డ్ స్టోరేజీకి వాడే మందపాటి ప్యానెళ్లే పెట్టించింది. రొయ్యలు గడ్డకట్టాలి, సీసాలు గడ్డకట్టకూడదు, తేడా అంతేనని చెబితే నరేంద్రబాబుకి సులువుగా అర్థమైంది. అరలు, తలుపు, లోపలి గోడల చెక్కపని క్రీస్తురాజుకి అప్పజెప్పారు. పాలిష్ వేయొద్దు, వార్నిష్ తగలనీయొద్దు, ఆ వాసన బిరడాల్లోంచి సీసాల్లోకి దిగుతుందని ఆమె గట్టిగా చెప్పింది.

తాగుడు మానినవాడు పోయి వైన్ గదికి అరలు చేయడమేమిటని కరుణ మొదటిరోజే అడిగింది. "చర్చికి బల్ల చేసింది ఈ చేత్తోనే గదా. పని పనేమే," అన్నాడతను. ఆ మాట ఆమెకి మింగుడుపడలేదు.

ఆ సోమవారం సాయంత్రం అతను కాళ్లు కడుక్కుంటుంటే చొక్కా తెచ్చి ముందు పట్టుకుంది.

"ఏందయ్యా ఈ వాసన?"

"చెక్క వాసన."

"టేకు నాకు తెలుసు. వేప తెలుసు, తుమ్మ తెలుసు. ద్రాక్షపండు వాసనొచ్చే చెక్క యాడుండాదయ్యా?"

"ఉండాది. ఆడికొస్తే చూపిస్తా."

ఆమె నవ్వింది. అది మంచి నవ్వు కాదు. తాగే రోజుల్లో అతను చెప్పిన సాకులు ఆమె దగ్గర బోలెడున్నాయి. పంటినొప్పికి మందు పెట్టుకున్నానని, పక్కవాడు మీద ఒలకబోశాడని, పెళ్లివాళ్లు బలవంతంగా నోట్లో పోశారని. చెక్క వాసనని కూడా తీసుకెళ్లి వాటి పక్కనే పెట్టేసింది. అతను ఇంకేదో చెప్పబోయి, ఆ నవ్వు చూసి కంచం ముందు కూర్చున్నాడు.

ఆమె భయం ఊరికే పుట్టింది కాదు. ఒకసారి క్రిస్మస్ ముందర అతను వాళ్ల నాన్న ఇచ్చిన ఉలిపెట్టెని అమ్మేసి తాగొచ్చాడు. ఆ రోజు ఆమె అరవలేదు, ఏడవలేదు. మానిన తర్వాత మాత్రం ఒకే మాట చెప్పింది. ఇంకోసారి తాగితే కావలిలో మా అన్న ఇంటికి పోతాను, మళ్లీ రాను. కరుణ ఊరికే బెదిరించే మనిషి కాదని క్రీస్తురాజుకి తెలుసు. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాల్సి వస్తుందేమోనని ఆమెకే దిగులుగా ఉంది. పోవాలని ఆమెకి లేదు.

మర్నాటి నుంచి అతను పని దగ్గరే స్నానం చేసి, వేరే చొక్కా వేసుకుని రావడం మొదలుపెట్టాడు. పని చొక్కాని కవర్లో మడిచి తెచ్చేవాడు. ఆమెకి ఇష్టంలేని వాసన ఇంట్లోకి ఎందుకని అతను అనుకున్నాడు. ఆమె ఇంకోటి అనుకుంది. తప్పు చేయనివాడికి పని దగ్గర స్నానమెందుకు? తలకి కూడా పోసుకుని వస్తున్నాడంటే వాసన జుట్టు దాకా ఎక్కిందన్నమాట.

గురువారం ప్యాంటు జేబులో బిరడా ఒకటి దొరికింది. ఒక కొస ఎర్రగా ఉంది. దాన్ని బియ్యం డబ్బా వెనక దాచింది. అతన్ని అడగలేదు. అడిగితే అబద్ధం చెబుతాడు, ఆ అబద్ధం వినే ఓపిక తనకి లేదు అనుకుంది. అనుమానం వచ్చినవాళ్లకి అడగటం కంటే దాచుకోవడమే హాయిగా ఉంటుంది, ఎందుకో మరి.

పక్కింటి ఎస్తేరమ్మ చర్చిలో ప్రభువు బల్లకి, అంటే నెలకోసారి రొట్టెతో పాటు అందరికీ ఇచ్చే పాత్రకి, ద్రాక్షరసం కాచే మనిషి. నల్ల ద్రాక్ష తెచ్చి, ఉడికించి, వడపోసి, పులవకుండా చూసుకుంటుంది. ఆమె గోడ మీంచి, "మీ ఆయన ఆ గదిలోనేనా ఇంకా? జాగర్తమ్మా, మానినోళ్లకి వాసన చాలు," అంది. మంచికే అంది. కరుణకి ఆ రాత్రి అన్నం సయించలేదు.

శనివారం మధ్యాహ్నం క్యారియర్ పట్టుకుని, చెప్పకుండా, ఆటో ఎక్కి మైపాడు రోడ్డుకి పోయింది. వాచ్‌మన్ హజరత్తయ్య లోపలికి దారి చూపించాడు. సెల్లార్‌కి తలుపింకా పెట్టలేదు, ప్లాస్టిక్ పట్టా వేలాడుతోంది. ఆ సందులోంచి చూసింది. క్రీస్తురాజు ఒక్కడే ఉన్నాడు. మోకాళ్ల మీద కూర్చుని సీసా ఒకటి రెండు చేతులా పట్టుకుని, ముఖం దగ్గరికి ఎత్తి, బల్బు వెలుగులో మెల్లగా వంచుతున్నాడు. లోపల్నుంచి అదే వాసన గుప్పున వచ్చింది.

అంతే, ఇంకేం చూడాలి? ఆమె వెనక్కి తిరిగింది. క్యారియర్ హజరత్తయ్య చేతిలో పెట్టి, "ఆయనకియ్యన్నా," అని ఎండలో రోడ్డెక్కింది. ఏడుపొస్తోంది, దానికంటే ఎక్కువ కోపం వస్తోంది. సాయంత్రం అతను ఖాళీ క్యారియర్ తెచ్చి గట్టు మీద పెట్టాడు. "వచ్చినదానివి లోపలికి రాకుండా పోయినావే," అన్నాడు. ఆమె క్యారియర్ తీసుకుని తోమడానికి పోయింది.

మర్నాడు నెలలో మొదటి ఆదివారం, ప్రభువు బల్ల రోజు. ఎడమపక్క చాపల మీద ఆడవాళ్లు, కుడిపక్క మగవాళ్లు. పాస్టర్ సుశీల్ కుమార్ గారు ప్రతి నెలా చెప్పే మాటే చెప్పాడు. తాగుడులో, చెడు నడతలో ఉన్నవాళ్లు గాని, ఇంట్లోవాళ్ల మీదో సాటివాళ్ల మీదో మనసులో కోపం పెట్టుకున్నవాళ్లు గాని పాత్ర ముట్టుకోవద్దు, ముందు పోయి సరిచేసుకుని రండి. కరుణకి తాగుడు అన్న మాట దగ్గరే చెవులు ఆగిపోయాయి. తర్వాత ఆయనేం చెప్పాడో ఆమెకి పట్టలేదు. చిన్న గ్లాసుల ట్రే మగవాళ్ల వరసలో వస్తుంటే కన్నార్పకుండా చూసింది.

ట్రే క్రీస్తురాజు ముందుకొచ్చింది. అతను తీసుకోలేదు. రెండు చేతులా పట్టుకుని పక్కవాడికి అందించేశాడు.

ఆడవాళ్లలో ఒకరిద్దరు తలలు తిప్పి కరుణ వైపు చూశారు. ఎస్తేరమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. సిగ్గుతో కరుణ ఒళ్లంతా మండిపోయింది. మొండివాడే గాని దేవుడి దగ్గర అబద్ధమాడే ధైర్యం లేనివాడు, ఒప్పేసుకున్నాడు అనుకుంది. ట్రే తన దగ్గరికి రాగానే గ్లాసు తీసి గటగటా తాగేసింది.

ఇంటికొచ్చి సంచిలో రెండు చీరలు పెట్టింది. బిరడా తెచ్చి అతని ముందు పడేసింది.

"నీ నోటితో చెప్పు. తర్వాత నేను పోతా."

క్రీస్తురాజు బిరడా వైపు చూశాడు, సంచి వైపు చూశాడు.

"పోదువులే. ముందు ఆడికి రా. ఈసారన్నా లోపలికి రా."

ఇద్దరూ బండి మీద మైపాడు రోడ్డుకి పోయారు. హజరత్తయ్య బయటి గేటు తాళం తీశాడు. క్రీస్తురాజు లైటు వేశాడు. గదిలో ఒక పక్కన వంకర పలకలు కుప్పగా పేర్చి ఉన్నాయి. బయటి వైపు బూడిదరంగు, లోపలి వైపు ముదురు ఎరుపు.

"పాత పీపాయిలు. బెంగళూరు పక్క నుంచి లారీలో తెప్పించినాది ఆయమ్మ. ఏళ్ల తరబడి వైన్ పోసిపెట్టిన పీపాయిలంట. వీటితోనే గోడ, వీటితోనే తలుపు."

ఒక పలక తీసి బల్ల మీద పెట్టి రంపంతో కోశాడు. పొట్టు ఎర్రగా రాలింది. అతని ఆదివారం చొక్కా మీద, ఆమె చీర మీద పడింది. పులిసిన ద్రాక్ష వాసన గదంతా నిండింది. చొక్కాది ఇదే వాసన. ఆమె పొట్టుని చేతిలోకి తీసుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. ఇంక అనుమానపడటానికి ఏమీ మిగల్లేదు, అయినా పెట్టుకుంది.

అతను అర మీంచి సీసా తీసి ఆమె చేతికిచ్చాడు. "మూత తీసి తాగి చూడు. నీళ్లు. సీసా పడుకోబెట్టినప్పుడు లోపలిది బిరడాకి తగలాల, లేకుంటే బిరడా ఎండిపోతాది. అర వాలు సరిపోయిందో లేదో నీళ్లు పోసి చూస్తా ఉండా. నువ్వు దాచిపెట్టింది కూడా అట్లాంటి పాత బిరడానే."

ఆమె సీసా తెరవలేదు. తల దించుకుని, "ముందే చెప్పకూడదా?" అంది.

"చెప్పినా గదా. చెక్క వాసనని మొదటిరోజే చెప్పినా. చూపిస్తా రమ్మన్నా. నవ్వినావు."

 ఆమె మిగిలిన ఒక్క ప్రశ్ననీ పట్టుకుంది.

"మరి పాత్ర ఎందుకు వదిలేసినావు? ఊరంతా చూసినారు."

క్రీస్తురాజు రంపాన్ని మేకుకి తగిలించాడు. "నీ మీద కోపం. వారం నుంచి నా చొక్కాలు, నా జేబులు, నిద్రపోతా ఉంటే నా నోరు. అన్నీ తెలుస్తానే ఉన్నాయి నాకు. నిన్న అంత దూరం వచ్చి గుమ్మంలో నుంచి దొంగని చూసినట్టు చూసి పోయినావు. లోపల అంత పెట్టుకుని పాత్ర ఎట్లా తీసుకునేది?"

కొంచెం ఆగి, "నువ్వు తీసుకున్నావు. చూసినా," అన్నాడు.

అతను దెప్పిపొడవడానికి అనలేదు, ఉన్నదే అన్నాడు. ఆమెకి అందుకే ఎక్కువ తగిలింది. వారం రోజుల అనుమానాన్ని కడుపులో పెట్టుకుని, ఆ అనుమానం మీదే గటగటా తాగింది తను. కొంగుతో ముఖం కప్పుకుని ఏడ్చింది. అతను దగ్గరికి రాలేదు, అట్లాగని బయటికీ పోలేదు.

"కోపం పోయిందా?" అని అడిగింది కాసేపటికి.

"ఇంకా లేదు."

"వచ్చే నెలకి పోతాదా?"

"చూద్దాం," అన్నాడు. ఇంటికి పోయాక సంచిలోంచి చీరలు తనే తీసి దండెం మీద వేశాడు.

నెల గడిచింది. అరలు పూర్తయ్యాయి, తలుపు మిగిలింది. క్రీస్తురాజు పని దగ్గర స్నానం మానేసి, ఆ పొట్టుతోనే, ఆ వాసనతోనే ఇంటికి వస్తున్నాడు. మొదటి ఆదివారం మళ్లీ వచ్చింది. ట్రే మగవాళ్ల వరసలో కదిలింది. అతను గ్లాసు తీసుకుని, కళ్లు మూసుకుని తాగాడు. కరుణ ఊపిరి వదిలింది.

ట్రే ఆడవాళ్ల వరసలోకి వచ్చింది. కరుణ దాన్ని రెండు చేతులా పట్టుకుని ఎస్తేరమ్మకి అందించేసింది.

బండి మీద ఇంటికి పోతూ క్రీస్తురాజు సగం దారి దాకా ఓపిక పట్టాడు.

"ఏందిమే, ఇప్పుడు నీకు కోపమా?"

"కోపం కాదు. శుక్రవారం నీ చొక్కా మళ్లీ వాసన చూసినా. అన్నీ తెలిసి కూడా చూసినా."

అతను బండి ఆపలేదు. కొంచెం దూరం పోయాక, తల తిప్పకుండానే అడిగాడు.

"ఏం వాసనొచ్చింది?"

"చెక్క వాసన," అంది కరుణ.