ఒక వేలు వదులు

ఆ ఇంట్లో ఇద్దరు కరుణాకుమారిలు ఉండేవాళ్ళు. ఒకామె మంచం మీద, ఇంకొకామె ట్రంకుపెట్టెలో.

ఏడాదిన్నర కిందట నెల్లూరులో ఆపరేషన్ చేసి మంచం మీదామె థైరాయిడ్ గ్రంథి తీసేశారు. క్యాన్సర్ పోయిందన్నారు డాక్టర్లు. పోతూ పోతూ తనను కూడా తీసుకుపోయిందని ఆమె అనుకునేది. రోజూ పరగడుపునే మాత్ర మింగుతున్నా, డోసు మార్చి మార్చి ఇస్తున్నా, యాభైరెండు కిలోల మనిషి డెబ్బైనాలుగుకు వచ్చింది. మొహం ఉబ్బింది. జుట్టు దువ్వెనకే అంటుకుపోతోంది. ఇందుకూరుపేటలో నోళ్ళు ఊరుకుంటాయా? "క్యాన్సరొచ్చినోళ్ళు చిక్కిపోతారు గదా, నువ్వేందక్కా ఇట్టా ఒళ్ళు చేసినావు?" అని నవ్వుతూనే అడిగారు. ఆ నోళ్ళకు తాళం వేసే మొనగాడు ఇంకా పుట్టలేదు.

కరుణాకుమారి చర్చి మానేసింది. అద్దం గోడవైపు తిప్పేసింది. రాత్రింబవళ్ళు నైటీ, పైన తువ్వాలు. పాత జాకెట్లన్నీ ట్రంకుపెట్టెలో పెట్టి మూసింది. ఒక్కోసారి ఆ మూత కింద ఎవరో కదిలినట్టు అనిపించి ఉలిక్కిపడేది.

భర్త హెబ్రోను మాటలు తక్కువైన మనిషి. వడ్రంగి. తలుపులూ కిటికీలూ చేస్తాడు. సంఘంలో ఎవరైనా పోతే పెట్టె చేసేదీ ఆయనే. టేపు పట్టడు. పురికొసతో పోయినవాళ్ళ పొడవూ భుజాల వెడల్పూ కొలిచి, ముడులేసుకుని వస్తాడు.

స్త్రీల ఆదివారం దగ్గరపడింది. ఆ రోజు ఆడవాళ్ళందరూ ఒకే రకం చీర కట్టి పాడాలి. ఆమెకూ చీర ఇంటికే పంపారు. జాకెట్టు కుట్టేది మస్తానమ్మ. కొలతలివ్వడానికి పోవాలి, లేదంటే ఆది జాకెట్టు పంపాలి, దాన్ని చూసి అదే కొలతకు కుడుతుంది. ఇంకొకరి చేత ఒళ్ళు కొలిపించుకోవడమా? చచ్చినా సరే అనుకుంది. పెట్టె తెరిచి పాత జాకెట్టు తీసింది. తొడగబోతే మోచేతి దగ్గరే ఆగిపోయింది. అయినా దాన్నే కవర్లో పెట్టి భర్త చేతికిచ్చింది. ఆ పాత మనిషే లేచి తొడుక్కుని చర్చికి పోతుందిలే, నేను ఇంట్లో ఉంటా అనుకుంది, కసిగా.

ఆ మధ్యాహ్నం నిద్రలో ఆమె చెయ్యి చుట్టూ ఏదో సన్నగా చుట్టుకుంది. తర్వాత భుజాల మీదుగా పాకింది. తర్వాత రొమ్ముల కింద. పెట్టెలోంచి లేచి వచ్చింది, నేను ఎంత చోటు ఆక్రమించానో చూసుకోవడానికి వచ్చింది, అనుకుంది నిద్రలోనే. ఎంత గింజుకున్నా కళ్ళు తెరుచుకోలేదు.

లేచి చూస్తే ఎవరూ లేరు. జబ్బ మీద సన్నటి చార. పురికొస చార.

పోయిన వారం చేయించిన పరీక్షల రిపోర్టులు ఆయన దగ్గరే ఉన్నాయి. "అంతా బాగుంది" అన్నాడు, అంతే. అబద్ధం చెప్పాడా? జబ్బు మళ్ళీ వచ్చిందా? పెట్టెకు కొలత తీసుకున్నాడా? అడగడానికి నోరు రాలేదు. నాలుగు రోజులు పెరట్లో చిత్రిక పడుతున్న చప్పుడు వినపడినప్పుడల్లా చెవులు మూసుకుంది. తనకెన్ని చెక్కలు పడతాయో అని లెక్కేసుకుంది. ఇంత ఒళ్ళును ఎంతమంది మోయాలో అని సిగ్గుపడింది కూడా.

శనివారం హెబ్రోను కవరు తెచ్చి మంచం మీద పెట్టి వెళ్ళిపోయాడు. కొత్త జాకెట్టు. ఎక్కేది కాదులే అనుకుంటూనే చెయ్యి దూర్చింది. ఎక్కింది. హుక్కులన్నీ పడ్డాయి. రొమ్ము దగ్గర కాస్త వదులుగా కూడా ఉంది.

అట్లాగే పెరట్లోకి నడిచింది. ఆయన ఎవరిదో కిటికీ రెక్క చిత్రిక పడుతున్నాడు.

"ఎవరు కొలిచినారు నన్ను?"

హెబ్రోను తల దించుకున్నాడు. "నేనే మే. ఆ పాతది ఇయ్యలేదు, మళ్ళా పెట్టెలోనే పెట్టేసినా. మేలుకోనుంటే కొలవనిస్తావా నువ్వు?"

"పోతానని కొలిచినావనుకున్నా." "నాలుగు రోజులుగా రోజూ చస్తా ఉండా."

ఆయన చేతిలో చిత్రిక ఆగిపోయింది.

"పోయినోళ్ళ మీద పురికొస పెడితే పెట్టినచోటే ఉంటాది మే. నీ రొమ్ము కాడ ముడేస్తా ఉంటే నువ్వు ఊపిరి పీల్చినావు. జారిపోయింది. మళ్ళా పెట్టినా, మళ్ళా జారింది. అందుకే ఒక వేలు వదులు పెట్టమని చెప్పినా మస్తానమ్మకి."

కరుణాకుమారి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. ఏడుపు తన్నుకొచ్చింది. గట్టిగా ఊపిరి పీల్చింది. ఆ వేలు వదులూ నిండింది.