తోకలో అత్తగారు

విమానం తోకలో పట్టే మనిషి ఆ ఇంట్లో ఒక్కతే ఉంది. ఆవిడ వెండెల్ అత్తగారు వెర్నా. డెబ్బై మూడేళ్లు, గుప్పెడు మనిషి, గంపెడు నోరు.

వెండెల్ కారు నాలుగేళ్లుగా మంచులోనే పడి ఉంది. గ్యారేజీలో దాని చోటు విమానానిది. పెట్టెల్లో విడి భాగాలుగా వచ్చిన ఆ రెండు సీట్ల విమానాన్ని సెలవు దొరికినప్పుడల్లా అతికిస్తూ, ఈ వసంతానికి మొండెం దాకా వచ్చాడు. మొండెమంటే అల్యూమినియం రేకులు, వాటిని కలిపి పట్టే వేల రివెట్లు. ఒకరు బయటినుంచి సుత్తిలా కొట్టే గాలి తుపాకీతో రివెట్టు తల మీద దడదడలాడిస్తుంటే, ఇంకొకరు లోపల దాని కొసకి ఇనుప దిమ్మ ఆనించాలి. అప్పుడే కొస అణిగి గుండీలా కూర్చుంటుంది. వెండెల్ పొట్ట ఆ గొట్టంలో దూరదు. భార్య కార్లా లిఫ్టెక్కడానికే హడలిపోయే మనిషి. అందుకని వెర్నా సోఫా దిండు చంకలో పెట్టుకుని, నుదుటికి దీపం కట్టుకుని పాక్కుంటూ లోపలికి పోయింది.

చెవులకి మూతలుంటాయి కాబట్టి మాటలు కుదరవు. ఈ పని చేసేవాళ్లంతా దిమ్మతో తట్టే మాట్లాడుకుంటారు. ఒక దెబ్బయితే బాగుంది. రెండయితే ఇంకాస్త కొట్టు. మూడయితే చెడింది, పీకి మళ్లీ వెయ్యి. బయట రేకు మీద అరచెయ్యి ఆనిస్తే తెలిసిపోతుంది.

గురువారం మధ్యాహ్నం దాకా అన్నీ ఒక దెబ్బలే. అప్పుడు వెండెల్ స్నేహితుడు డ్వేన్ ఫోన్ చేశాడు.

"శనివారం వచ్చెయ్ రా. ఆ లోపు తోక పూర్తి చేసేస్తా. మొదటిసారి ఎగిరేటప్పుడు పక్క సీట్లో నువ్వే, మాటిచ్చా కదా" అన్నాడు వెండెల్.

చెవుల మూతలు తీసి కాఫీ తాగుతున్న అత్తగారు తోకలోనే ఉన్నారన్న సంగతి అతనికి తట్టలేదు. ఆ పక్క సీటు మీద ఆశతోనే ఆవిడ వారం రోజులుగా మోకాళ్లు అరగదీసుకుంటోంది. "పుట్టి బుద్ధెరిగాక ఊరి నీళ్ల ట్యాంకు కన్నా ఎత్తెక్కలేదు నేను" అని అల్లుడితో మూడుసార్లు చెప్పింది కూడా.

ఆ తర్వాతి రివెట్టుకి మూడు దెబ్బలు. దాని పక్కదానికీ మూడే. మూడోదానికీ మూడు పడేసరికి వెండెల్‌కి ఒళ్లు మండిపోయింది.

"అత్తయ్యా, ఫోన్లో మాటలు విన్నారు కదూ?"

"చెవులున్నాయిగా, విన్నాను."

"అందుకే కక్ష సాధిస్తున్నారు."

"నీ తుపాకీ ఒరిగిపోతోంది నాయనా. శనివారం శనివారం అని నువ్వు పడే హడావుడికి అదీ పరిగెడుతోంది."

బయట తలలు అద్దంలా ఉన్నాయి. కొసలు ఆవిడకి తప్ప ఎవరికీ కనపడవు. ఈ ముసలావిడ మాట నమ్మి నున్నటి రివెట్లు పీకాలా అనుకుని, వెండెల్ ఆ సాయంత్రమంతా దెబ్బలు లెక్కచెయ్యకుండా కొట్టుకుంటూ పోయాడు. లోపల వెర్నా జేబులోంచి లిప్‌స్టిక్ తీసింది.

శనివారం పొద్దున డ్వేన్ పైలట్లా కొత్త తోలు టోపీ, కళ్లజోడు పెట్టుకుని దిగాడు. విమానం ఇంకా రెక్కలే మొలవని మొండెం. విమానాల క్లబ్బు తరఫున తనిఖీకి వచ్చిన పెద్దాయన ఆర్విడ్, అద్దమూ టార్చీ పట్టుకుని తోకలోకి తల దూర్చాడు.

"ఈ ఎర్ర సున్నాలు ఎవరు చుట్టారయ్యా?"

"మా అత్తయ్య అయ్యుంటారు. కోపంలో ఏదో గీశారు" అన్నాడు వెండెల్.

"పద్నాలుగున్నాయి. పద్నాలుగూ వంకరే. సున్నా లేనిది ఒక్కటీ చెడలేదు. అన్నీ పీకి మళ్లీ వెయ్యి."

వెండెల్‌కి తల కొట్టేసినట్టయింది. రెండు రోజులుగా ఆవిణ్ని మనసులో తిట్టని తిట్టు లేదు.

"కక్షే ఉంటే ఒక దెబ్బ తట్టి ఊరుకునేదాన్ని" అంది వెర్నా దిండు దులుపుకుంటూ. "గాల్లోకి పోయేది నా కూతురి మొగుడు."

అంతే, మళ్లీ తోకలోకి పాకింది. వెండెల్ రేకు మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"అత్తయ్యా, డ్వేన్ తర్వాత మీరే."

లోపలినుంచి మూడు దెబ్బలు.

"సరే, మొదట మీరే."

రెండు దెబ్బలు.

"ఇంకాస్త కొట్టాలట" అన్నాడు ఆర్విడ్, సాయం చేస్తున్నట్టుగా.

వెండెల్ స్నేహితుడి వైపు తిరిగాడు. "ఒరేయ్ డ్వేన్, మొదటి సీటు మా అత్తయ్యది, నువ్వు ఆగాలి. అత్తయ్యా, మిమ్మల్ని అనుమానించాను, తప్పు నాదే."

ఈసారి దెబ్బకి బదులు తోకలోంచి ఒక చెయ్యి అరచెయ్యి పైకి తిప్పి బయటికొచ్చింది. డ్వేన్ ఆ చేతి వంక, వెండెల్ వంక చూసి, టోపీ తీసి అందులో పెట్టాడు. చెయ్యి లోపలికి పోయింది.

ఒక్క దెబ్బ వినిపించింది.