ఎడమవైపు కర్ర

బకెట్‌లో నానబెట్టిన బంతులను ఒక్కొక్కటే బ్రష్షుతో రుద్ది తువాలు మీద పరుస్తున్నారు మాస్టారు. మామూలుగా ఈ పని చేస్తూ కూనిరాగం తీస్తారు. ఇవాళ నోరు పెగలడం లేదు. తోమిన బంతినే మళ్ళీ తోముతున్నారు.

గోల్ఫ్ క్లబ్బులో ఆట నేర్పే ప్రొఫెషనల్ ఆయన. ఆయన పేరు ఏ కప్పు మీదా లేదు. వయసులో ఉండగా ఎన్నో పోటీలకు వెళ్ళి, ఎప్పుడూ ముందూ కాక వెనకా కాక మధ్యలో తేలి, చివరికి క్లబ్బు వెనకున్న ఈ ఇరుకు గదిలో స్థిరపడ్డారు. కర్రలు బాగుచేయడం, వాటి పిడికి తొడిగే రబ్బరు గ్రిప్పులు మార్చడం, డాక్టర్లకూ ప్లీడర్లకూ నడుం ఎలా తిప్పాలో చెప్పడం, ఇదే ఆయన బతుకు. ఆయన చేతులు చూస్తే నవ్వొస్తుంది. కుడి చెయ్యి ఎండకు మాడి బొగ్గయింది. ఎడమ చెయ్యి జీవితమంతా గ్లౌజులో దాక్కుని తెల్లగా, మెత్తగా మిగిలింది. ఆ రెండూ ఒకరివేనా అని సభ్యులు ఏడిపిస్తుంటారు.

మనవరాలంటే ఆయనకు పంచప్రాణాలు. దాని కోసం జడ వేయడం కూడా నేర్చుకున్నారు. ఆ జడ చూసి, తాడు పేనావా నాన్నా అని కూతురు వెక్కిరించినా మానలేదు. పిల్లకు కాస్త ఊహ తెలియగానే ఓ పాత కర్రను కోసి, పొట్టిది చేసి చేతిలో పెట్టారు. కానీ ఆట అబ్బలేదు. కొడితే మట్టి లేచేది తప్ప బంతి లేచేది కాదు. ఒకసారి పిల్ల, తనకు అటువైపు నుంచి వస్తుందని చెప్పబోయింది. అందరూ ఇటే కొడతారని ఆయన దాని చేతులు మార్చి పెట్టారు. పోయిన ఆదివారమైతే సభ్యులందరి ముందూ, మా ఇంటి విద్య దీనికి అంటలేదండీ అని నవ్వారు. వాళ్ళూ నవ్వారు. పిల్ల నవ్వలేదు. ఇంటికెళ్ళి, తనకు గోల్ఫ్ ఇష్టం లేదని తల్లితో చెప్పేసింది.

నిన్న సాయంత్రం కూతురింటికి వెళ్ళేసరికి, సందులో పిల్ల మడిచిన గొడుగును తలకిందులుగా పట్టుకుని సీసా మూతల్ని కొడుతోంది. ఎడమచేతి వాటంగా. నడుం తిరిగింది, తల కదల్లేదు, మూత గోడ దాటి పోయింది. మాస్టారి కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. ఆయన శిష్యుల్లో ఒక్కరికీ రాని ఒడుపు అది. అంతలో పిల్ల ఆయన్ను చూసింది. చూడగానే, దొంగతనం చేస్తూ దొరికిపోయినట్టు, గబగబా చేతులు మార్చుకుని కుడివైపుకు తిరిగి నిలబడింది.

అది తలుచుకుంటే ఇప్పటికీ ఆయనకు తల కొట్టేసినట్టుంది. పక్కింటి పిల్లయితే మొదటిరోజే కనిపెట్టేవారు. సొంత పిల్ల నోరు తెరిచి చెప్పినా వినలేదు.

పొద్దున పాఠానికి వచ్చిన ప్లీడరు గారి బంతులు వరసగా పొదల్లోకి పోతున్నా, మాస్టారు పరధ్యానంగా బాగుంది, బాగుంది అంటూ పోయారు. ఇన్నాళ్ళకు మాస్టారు తనను మెచ్చుకున్నారని ప్లీడరు గారు పొంగిపోయి వెళ్ళారు.

తర్వాత గడ్డి కోసే మిషను దిగి స్నేహితుడు టీకి వచ్చాడు. చిన్నప్పుడు ఇద్దరూ ఇదే మైదానంలో పెద్దవాళ్ళ కర్రల సంచులు మోసినవాళ్ళే. సంగతంతా విని అతను గ్లాసు కింద పెట్టాడు.

"నువ్వూ ఎడమచేతి వాటమేగా. మర్చిపోయావా?"

మర్చిపోలేదు. తలుచుకోలేదంతే. అప్పట్లో దొరికినవన్నీ సభ్యులు పారేసిన కుడిచేతి కర్రలే. ఎడమవైపు నిలబడితే ఆనాటి మాస్టారు వేళ్ళ కణుపుల మీద కొట్టేవారు. ఆయన కొట్టి చేసిన పనే తాను ముద్దు చేస్తూ చేశారు. అది ఇంకా నీచంగా తోచింది.

"అలవాటైపోతుందనుకున్నానురా."

"నీకు అలవాటైందా?"

మాస్టారు తెల్లచేతిని ఒళ్ళో దాచుకున్నారు. పిల్లకు చెప్పెయ్, నీ సొమ్మేం పోదు అనేసి స్నేహితుడు మళ్ళీ మిషనెక్కాడు.

చెప్పడం అంత తేలికైతే ఇంకేం? అయినా నలుగురిలో అన్నమాటకు చాటుగా క్షమాపణ చెబితే ఏం లాభం? ఈ సాయంత్రమే, ఆ సభ్యులందరి ముందే, తప్పు నాదని పిల్లతో చెప్పాలి. మనసు మారకముందే కూతురికి ఫోన్ చేసి, స్కూలు నుంచి పిల్లను ఇటే తీసుకురమ్మన్నారు.

"మళ్ళీ ఎందుకు నాన్నా? దానికి ఇష్టం లేదందిగా."

"ఇష్టం లేక కాదమ్మా. తప్పు నాది. దానికి నువ్వేం చెప్పకు. నేనే చెప్పుకుంటాను."

గది మూల పాత కర్రల డ్రమ్ము ఉంది. ఊరు మారినవాళ్ళూ ఆట మానేసినవాళ్ళూ వదిలేసినవి. అడుగుదాకా వెతికితే ఎడమచేతి వాళ్ళది ఒకటి దొరికింది. పిల్ల తల తన చొక్కా మూడో గుండీ దాకా వస్తుంది. ఆ కొలతకు రంపంతో కోశారు, అంచులు ఆకురాయితో నున్నగా చేశారు, టేపు చుట్టారు, పెట్రోలు పోసి గ్రిప్పును దానిమీదికి జార్చారు. మధ్యలో భుజం లాగితే వయసు అనుకున్నారు. కర్రను బల్లమీది వైస్‌కు బిగించి, ఆరేదాకా కూర్చుందామని గుమ్మానికి ఎదురుగా కుర్చీ వేసుకున్నారు.

చెప్పాల్సిన మాట కూడబలుక్కున్నారు. "అమ్మలూ, అటే కొట్టు. అదే నీ వైపు. తాతయ్యదే..." ప్రతిసారీ అక్కడే ఆపి, మళ్ళీ మొదటినుంచీ అందుకున్నారు. బయట గడ్డి మిషను చప్పుడు దగ్గరకొచ్చి, దూరమై, మళ్ళీ దగ్గరకొచ్చింది. ఆయన కళ్ళు మూతపడ్డాయి. చప్పుడు దూరమైంది.

తల్లి స్కూటర్ నిలబెడుతుండగానే పిల్ల ముందు లోపలికి వచ్చింది. తాతయ్యకు కోపమొచ్చి పిలిపించాడని దారంతా బెంగపడింది. కుర్చీలో నిద్రపోతున్నాడు. గోడకు ఆనించిన తన పాత పొట్టి కర్ర తీసుకుని ఆయన ఎదురుగా నిలబడింది. చేతులు జాగ్రత్తగా మార్చుకుని కుడివైపుకు తిరిగింది.

"తాతయ్యా, ఇటే కొడతాను. చూడు."

తాతయ్య చూడలేదు. కాస్త గట్టిగా మళ్ళీ చెప్పింది.

తల్లి వచ్చి తండ్రి ముఖం చూసింది, చెయ్యి పట్టుకుని చూసింది. పిల్లను దగ్గరకు లాక్కుంది. తప్పు నాది అని ఫోన్లో తండ్రి అన్న మాట ఆమె నాలుక చివర దాకా వచ్చింది. నేనే చెప్పుకుంటానన్నాడు కదా అని ఏడుపుతో పాటు దాన్నీ మింగేసింది. పిల్ల చేతులు ఇంకా మార్చి పట్టుకునే ఉన్నాయి.

బల్లమీద వైస్‌లో, పెట్రోలు వాసన పోకుండా, చిన్న కర్ర ఎడమవైపుకు తిరిగి ఉంది.