కెజాయా తల్లి పేరు

మా కౌంటీ కోర్టు రికార్డు గదికి తాతముత్తాతలను వెతుక్కుంటూ వచ్చేవాళ్ళలో నూటికి తొంభై మందికి ఒక కర్నల్ కావాలి. కర్నల్ దొరక్కపోతే కనీసం కెప్టెన్. వర్జీనియాలో అడుగుపెట్టిన తమ మొదటి తాత పందులు మేపుకుని బతికాడని తేలితే వాళ్ళ ముఖాలు మాడిపోతాయి. అలాంటివాళ్ళను నలభై ఏళ్ళుగా చూసి చూసి నాకు నోటిదురుసు ఎక్కువైందంటారు. నిజమే. "మీ తాత ఏదైనా దొంగతనం చేసుంటే బాగుండేది, కోర్టు కాగితాల్లో ఇంకో నాలుగు పేజీలు దొరికేవి" అని ముఖం మీదే అనేస్తాను.

నా పేరు వర్నా హడ్‌నాల్. ఆ గదిలో నాకు జీతం లేదు, కిటికీ పక్కన ఒక కుర్చీ మాత్రం ఉంది. పాత వీలునామాలు, భూమి దస్తావేజులు చదవలేక అవస్థపడేవాళ్ళకు చదివి పెడుతుంటాను. ఈ కౌంటీ పాత కోర్టు కాగితాలన్నిటికీ సారాంశాలు రాసి 1979లో ఒక పుస్తకం అచ్చు వేయించాను. ఆకుపచ్చ అట్ట, మూడు వందల పేజీలు. ఆరు రాష్ట్రాల లైబ్రరీల్లో ఉంది. ఎక్కడెక్కడివాళ్ళో దాన్ని చంకలో పెట్టుకుని వచ్చి సంతకం చేయమని అడిగేవారు. ఆ పుస్తకమంటే నాకు చాలా గర్వంగా ఉండేది.

మార్చిలో ఒక మంగళవారం మిస్ ఆర్డీలియా గెయిన్స్ వచ్చింది. ఎనభై నాలుగేళ్ళ నల్లజాతి ఆవిడ. ముప్ఫై ఏళ్ళు స్కూలు బస్సు నడిపి రిటైరయిందట. చేతికర్ర బల్లకు ఆనించి, నా ఎదురు కుర్చీలో కూర్చుని, సంచీలోంచి పంది మాంసం పెట్టిన రొట్టెల పొట్లం తీసి ముందు నా వైపు జరిపింది.

"ఎవరు కావాలి మీకు? కర్నలా, కెప్టెనా?" అన్నాను అలవాటు కొద్దీ.

"ఒక ఆడమనిషి కావాలి. పేరు కూడా మీరే చెప్పాలి" అంది.

నాకు నవ్వొచ్చింది. ఆవిడ నవ్వలేదు. తమ వంశం తనతో కలిపి ఏడు తరాల వెనక్కి తెలుసని, మొట్టమొదట కెజాయా అనే ఆవిడ ఉందని చెప్పింది. బానిసలకు విడుదల వచ్చాక 1870లో జనాభా లెక్కలు రాసినప్పుడు కెజాయా బతికే ఉంది. వయసు ఎనభై అయిదు అని రాసి ఉంది. చర్చి వెనక శ్మశానంలో ఆవిడకు సమాధి రాయి లేదు. ఇప్పుడు వేయిస్తున్నారు. రాయి మీద 'కెజాయా, ఫలానా ఆమె కూతురు' అని చెక్కించాలని మిస్ ఆర్డీలియా కోరిక.

"డాక్టరు నాకు ఆగస్టు దాకా గడువిచ్చాడు, రాయి చెక్కేవాడు జులై దాకా ఇచ్చాడు" అంది. "ఇద్దరిలో రాతివాడే మాట మీద నిలబడే మనిషిలా ఉన్నాడు. అందుకని తొందరపడుతున్నా."

ఆ మాటతో నాకు ఆవిడ మీద ఇష్టం పుట్టేసింది. వారంలో రెండు రోజులు వచ్చేది. వచ్చిన రెండో రోజుకే నేను 'మిస్ వర్నా' నుంచి 'తల్లీ' అయిపోయాను, 'మీరు' కాస్తా 'నువ్వు' అయింది.

బానిసల జాడ కావాలంటే వాళ్ళ పేర్ల వెంట పడి లాభం లేదు. యజమానుల భూమి వెంట పడాలి. పొలం ఎవరి చేతిలోకి వెళితే మనుషులూ అక్కడికే వెళతారు. కెజాయా ముసలితనంలో ఉన్న చోటు చుట్టుపక్కల పొలాల దస్తావేజులు తీశాం. వాటిలో హద్దులన్నీ చెట్లే. తెల్ల ఓక్ చెట్టు దగ్గర మొదలై, వాగు వెంట పోయి, రెండు పైన్ చెట్ల దగ్గర తిరిగి... ఇలా సాగుతాయి. ఆ కొలతలను కాగితం మీద గీసి, కత్తిరించి, ముక్కకు ముక్క ఆనించి చూస్తే పాత పొలం బయటపడుతుంది. మిస్ ఆర్డీలియా కత్తెర పట్టుకుని కూర్చునేది.

"బస్సు రూటు వేసినట్టే ఉంది ఇది. ఈ తెల్ల ఓక్ దగ్గర ఎవరన్నా పిల్లలు ఎక్కుతారా?" అనేది.

మూడో వారంలో ఒక వీలునామా దొరికింది. 1822 నాటిది. రాసినవాడు ఆ పొలం యజమాని, మిల్‌డ్రెడ్ అనే ఆవిడ భర్త. అందులో ఒక వాక్యం ఉంది. 'నా భార్యకు ఆమె తండ్రి ఆంబ్రోస్ టాలివర్ ఆస్తిలో వాటాగా వచ్చిన కెజాయా' అని.

మిస్ ఆర్డీలియా ఆ వాక్యం మీద వేలు పెట్టి ఎంతసేపటికీ తీయలేదు. "దొరికావా అమ్మా" అంది, పక్క గదిలో తప్పిపోయిన పిల్లను చూసినట్టు. తర్వాత నా చెయ్యి పట్టుకుంది. "ఇక ఈ టాలివర్ కాగితాలు చూస్తే తేలిపోతుంది కదా తల్లీ?"

నేను నెమ్మదిగా చెయ్యి వెనక్కి తీసుకున్నాను.

ఆంబ్రోస్ టాలివర్ 1791లో చనిపోయాడు. భూమినీ బానిసలనూ ముగ్గురు పిల్లలకు సమానంగా పంచమని వీలునామా రాశాడు, అంతే. పేర్లు రాయలేదు. పిల్లలు కొట్టుకున్నారు, కోర్టు పంచి పెట్టింది. ఆ పంపకం కాగితం రిజిస్టరులోకి ఎక్కలేదు. దావా కాగితాల కట్టలోనే, కింద నేలమాళిగలో, రేకు పెట్టెలో ఉండిపోయింది. 1985 వరదలో నేలమాళిగ పైకప్పు దాకా మునిగింది. అంతకుముందు నకళ్ళ కోసం ఫిల్ము తీసింది పై అంతస్తు రిజిస్టర్లకే. పెట్టెలు తెరిస్తే గుజ్జు వచ్చింది.

ఆ కట్టను వరదకు ముందు విప్పి చదివినదాన్ని నేనొక్కదాన్నే.

ఆ రోజు ఈ మాట చెప్పాల్సింది. చెప్పలేదు. "పన్నుల రిజిస్టర్లు చూద్దాం, అక్కడేమన్నా తగలొచ్చు" అన్నాను. అందులో ఏమీ తగలదని నాకు తెలుసు. తర్వాత పెళ్ళిళ్ళ పూచీ పత్రాలు అన్నాను. తర్వాత పక్క కౌంటీ అన్నాను. రెండు నెలలు, నడవలేని మనిషిని చేతికర్రతో తిప్పాను. ఆవిడ తెచ్చిన రొట్టెలు తింటూనే తిప్పాను. ప్రతిసారీ ఆవిడ కొంచెం సన్నబడి వచ్చేది.

మే నెలాఖరులో ఆవిడ షెల్ఫులోంచి నా ఆకుపచ్చ పుస్తకం తనే తీసి తెచ్చుకుంది. "టాలివర్" అని సూచికలో వెతికి, నూట పన్నెండో పేజీ తెరిచి, పైకి చదివింది.

"మూడో వాటా, కూతురు మిల్‌డ్రెడ్‌కు. రెండు వందల నలభై ఎకరాలు. వాగు ఒడ్డున తెల్ల ఓక్ మొదలు, ఎర్ర ఓక్ దాకా, అక్కణ్ణించి డాగ్‌వుడ్ చెట్టు, అక్కణ్ణించి పిడుగు పడిన పైన్ చెట్టు..." ఆగింది. "మరియు ఏడుగురు బానిసలు."

పేజీ తిప్పి చూసింది. మళ్ళీ వెనక్కి తిప్పింది.

"తల్లీ, ఈ ఏడుగురి పేర్లు ఎక్కడున్నాయి?"

ఇక దాచలేకపోయాను. అంతా చెప్పేశాను. కాగితంలో పేర్లున్నాయి. అలాంటి పంపకాల్లో పిల్లలను తల్లితో కలిపే రాసేవారు, 'ఫలానా, ఆమె బిడ్డ ఫలానా' అని. నేను చదివాను. టైపు చేసేటప్పుడు వదిలేశాను. నాకు ఈ పని నేర్పిన పెద్దావిడ అలాగే నేర్పింది. చెట్టు ఒక్కటి కూడా వదలకు, సాక్షులను వదలకు, బానిసలను మాత్రం ఎంతమందో లెక్క వేస్తే చాలు అని. అప్పట్లో ఈ పని చేసే వాళ్ళందరిదీ అదే పద్ధతి.

"ఎన్ని లైన్లు పట్టేది?"

"నాలుగు. మహా అయితే అయిదు."

"ఎందుకు వదిలేశావు?"

"కాగితం ఖర్చు..." అని మొదలెట్టాను. ఆవిడ నా కళ్ళలోకి చూస్తోంది. "అడిగేవాళ్ళు ఎవరుంటారులే అనుకున్నాను, మిస్ ఆర్డీలియా."

"డెబ్భై తొమ్మిదిలోనా?" ఆవిడ గొంతు పెరగలేదు. "డెబ్భై తొమ్మిదిలో రోజుకు రెండుసార్లు ఈ కిటికీ ముందు నుంచే నా బస్సు వెళ్ళేది. నువ్విక్కడ కూర్చుని టైపు కొడుతుంటే కనబడేదానివి. బస్సులో పిల్లలకు చూపించి, చూడండర్రా ఎంత శ్రద్ధగా పని చేస్తుందో అనేదాన్ని."

నాకు తల తీసేసినట్టయింది. క్షమించమన్నాను.

"అది తర్వాత. మార్చి నుంచీ తెలుసా నీకు?"

"తెలుసు."

"మరి ఆ పన్నుల రిజిస్టర్లూ అవీ?"

ఆవిడ పుస్తకం మూసింది. కత్తిరించిన పొలం ముక్కలన్నీ ఏరి సంచీలో వేసుకుంది. గుమ్మం దగ్గర ఆగి, వెనక్కి తిరక్కుండానే, "గుర్తు చేసుకో" అంది. "చదివానన్నావుగా. గుర్తు చేసుకో."

ప్రయత్నించాను. దేవుడి సాక్షిగా ప్రయత్నించాను. కళ్ళు మూసుకుంటే కాగితం కనిపిస్తుంది. పై మూలన ఎలుక కొరికిన చోటు, గోధుమరంగు సిరా, ఎడమవైపుకు వాలిన అక్షరాలు కనిపిస్తాయి. పిడుగు పడిన పైన్ చెట్టు కనిపిస్తుంది. దాని కింది లైనులోనే ఉండాలి కెజాయా తల్లి. ఆ లైను మీద నా చూపు ఆగలేదు కాబట్టి అక్కడ ఏమీ లేదు. ప్రతి శుక్రవారం మిస్ ఆర్డీలియా ఫోను చేసేది. "ఏమన్నా తట్టిందా?" అనేది. లేదనేదాన్ని. పెట్టేసేది.

జులై మొదటి వారంలో ఆవిడ కూతురు రొవీనా ఫోను చేసింది. అమ్మ మంచం దిగడం లేదని, రాయి చెక్కేవాడు సోమవారం పని మొదలుపెడతానన్నాడని, అమ్మ నన్ను ఒకసారి రమ్మంటోందని చెప్పింది.

కారు నడుపుతూనే నిర్ణయించుకున్నాను. జూడిత్. ఆ కాలంలో ఆ పేరు ఊరికి పదిమందికి ఉండేది. నిజం అయినా అయి ఉండొచ్చు. గుర్తొచ్చిందని చెబుతాను. పాత కాగితాల విషయంలో నా మాటకు ఈ కౌంటీలో తిరుగులేదు. ఆవిడ సంతోషంగా కళ్ళు మూస్తుంది. నా వల్ల పోయిన దాన్ని నేనే ఇచ్చినట్టవుతుంది.

మధ్యాహ్నపు ఎండ మంచం మీద పడుతోంది. మిస్ ఆర్డీలియా దుప్పటి కింద ఉందో లేదో తెలియనంతగా చిక్కిపోయింది. గోడకు పొలం ముక్కలన్నీ టేపుతో అంటించి ఉన్నాయి. రొవీనా కుర్చీ వేసి బయటికి వెళ్ళింది.

"వచ్చావా తల్లీ."

"వచ్చానండీ. ఒక మాట చెప్పాలని..."

ఆవిడ వేళ్ళు పైకెత్తి ఆపింది.

"ముందు నా మాట విను. నాకు ఓపిక లేదు. నువ్వు ఇప్పుడు ఏ పేరు చెప్పినా నేను నమ్మేస్తాను. అంత ఆశగా ఉంది నాకు. సోమవారం రాతి మీద ఎక్కించేస్తారు. నా మనవలు, వాళ్ళ పిల్లలు ఆ పేరే పట్టుకుంటారు. అందుకని, నిజంగా గుర్తొస్తేనే చెప్పు. నన్ను సంతోషపెట్టడానికి మాత్రం చెప్పకు. మా అమ్మ కాని అమ్మను తెచ్చి మాకు అంటగట్టకు."

చెప్పి, నా వైపు చూస్తూ ఉండిపోయింది. ఆ కళ్ళలో నిజంగానే ఆశ ఉంది. నాలుగు లైన్లు, నలభై ఏళ్ళ కిందట. జూడిత్ అనే మాట నాలుక చివర దాకా వచ్చింది, మింగేశాను. ఏడుపు ఆగలేదు నాకు.

ఆవిడకు అర్థమైంది. ఇంకాసేపు చూసింది, ఇప్పటికైనా ఏమన్నా అంటానేమోనని. తర్వాత మెల్లగా గోడ వైపు తిరిగి పడుకుంది.