ముప్పై మందికి వసతి

జీవరత్నం, సొలొమోను బెజవాడలో ఒకే కాలేజీలో పాఠాలు చెప్పేవారు. ఆమెది బోటనీ, ఆయనది జువాలజీ. పెళ్ళయి పన్నెండేళ్ళయినా పిల్లల్లేరు. ఆ సంగతికి మొదట్లో ఏడ్చారు, తరవాత మాట్లాడుకోవడం మానేశారు. పటమటలో రెండు గదుల అద్దె ఇంట్లో సాయంత్రాలు పరీక్ష పేపర్లు దిద్దుకుంటూ, ఒకరి సబ్జెక్టుని ఒకరు వెక్కిరించుకుంటూ హాయిగానే ఉండేవారు.

డెబ్భై ఏడులో వేసవి సెలవలు అయిపోయి కాలేజీ తెరవగానే ప్రిన్సిపాల్ రామకోటేశ్వరరావు గారు ఇద్దర్నీ తన గదికి పిలిచారు. పర్యావరణ శాస్త్రమని కొత్తగా ఓ డిగ్రీ కోర్సు పెడదామనుకుంటున్నాం, మూడేళ్ళకీ ఏమేం చెప్పాలో మీరిద్దరూ కూచుని రాసి తెండి అన్నారు. చుట్టుపక్కల ఎక్కడా లేని కోర్సు అది. చూసి రాసుకోవడానికి పాత సిలబస్ అంటూ ఏదీ లేదు. ఆ రోజు సొలొమోను సైకిల్ నడిపించుకుంటూ ఇంటిదాకా ఒకటే మాట్లాడుతూ వచ్చాడు. ఆ తరవాత నాలుగు నెలలూ వాళ్ళింట్లో పురిటికి సిద్ధమవుతున్నంత సందడి.

భోజనాల బల్ల నిండా కాగితాలే. అన్నం తినడానికి వాటిని జరుపుకుని కంచాలు పెట్టుకునేవారు. మట్టి, నీరు, మొక్క మొదటి ఏడు. పొలాలు, కాలవలు రెండో ఏడు: వరిచేలో ఎండ్రిన్ పురుగుమందు కొట్టాక కప్పలు ఏమవుతున్నాయి, ఊరి మురుగు బందరు కాలవలో ఎంత దూరం పోతోంది, ఇలాంటివన్నీ పిల్లలే వెళ్ళి చూసి రాయాలి. సముద్రపు ఒడ్డు, అక్కడి మడ అడవులు మూడో ఏడు. ఇంతవరకూ జీవరత్నం రాసిన వరస. సొలొమోను ఈ వరసకి ఒప్పుకోలేదు. మడ అడవి మొదటి ఏడే ఉండాలన్నాడు. కాలేజీలో చేరిన మూడో నెల్లోనే పిల్లల్ని ఆరు రోజులు తీసుకెళ్ళి బురదలో దించాలి, ఆ తరవాతే పుస్తకం తెరవాలి అన్నాడు. చెట్టు పేరు తెలియని పిల్లలు బురదలో దిగి ఏం చూస్తారని ఆమె. చూశాక పేరు అడుగుతారు, అడిగినప్పుడు చెబుదువుగాని అని ఆయన. ఎవరూ తగ్గలేదు.

నవంబరు ఆఖరున కమిటీ. పదిహేడో తారీకున ఆయన రాసిన ఆరు రోజుల కాగితం చదువుతుంటే జీవరత్నానికి విసుగొచ్చింది.

"ముప్పై మందిని తీసుకెళ్తామని రాశారు. ఎక్కడ పడుకుంటారు? ఎవరు వండిపెడతారు? ఆడపిల్లల సంగతేమిటి? ఇది రాయకుండా తీసుకెళ్తే కమిటీలో నవ్వుతారండీ."

సొలొమోను ఆ కాగితం తీసుకుని ఇంకోసారి చదువుకున్నాడు. తరవాత, నిజమే, వెళ్ళి కనుక్కుని వస్తానన్నాడు. ఆమె వద్దనలేదు. ఆయన నోరు మూయించగలిగినందుకు కొంచెం గర్వంగా కూడా అనిపించింది.

మర్నాడు శుక్రవారం పొద్దున్నే అవనిగడ్డ బస్సెక్కాడు. నాగాయలంక దాటి పడవ మీద పోతే ఓ జాలరి పల్లె ఉంది. అక్కడ ఆమోసు అనే అతను ఆయనకి ఎప్పటినుంచో తెలుసు. కాలేజీకి పీతల్నీ చేపల్నీ సీసాల్లో పెట్టి పంపేవాడు. ఆదివారం ఆరాధన వేళకి వచ్చేస్తానని సొలొమోను చెప్పి వెళ్ళాడు. సముద్రంలో వాయుగుండం ఉందని రేడియోలో చెప్పారు. ఏటా నవంబరులో చెప్పేదే కదా అనుకుంది జీవరత్నం.

శనివారం మధ్యాహ్నానికి బెజవాడలోనూ గాలి మొదలైంది. ఆదివారం తెల్లారేసరికి వీధిలో చెట్లు పడి ఉన్నాయి, కరెంటు లేదు. ఉప్పెన వచ్చిందన్న మాట సోమవారం తెలిసింది. దివిసీమలో ఊళ్ళకి ఊళ్ళే లేవన్నారు.

తమ్ముడు లాజరుని వెంటబెట్టుకుని ఆమె బట్టలూ బియ్యం తీసుకెళ్ళే లారీ ఎక్కింది. కంకిపాడు దాకా చేలు పడుకుని ఉన్నాయి. చల్లపల్లి దాటాక చేలూ లేవు, గట్లూ లేవు. అవనిగడ్డ నుంచి నడక. ముక్కుకి గుడ్డ కట్టుకుని నడిచారు. పల్లె దాకా పోవడానికి మొదట్లో పడవ దొరకలేదు. దొరికిన రోజున పడవవాడు ఓ చోట ఆపి, ఇదేనమ్మా మీరు చెప్పిన ఊరు అన్నాడు. అక్కడ ఇసక తప్ప ఏమీ లేదు. తొమ్మిది రోజులు తిరిగారు. గుర్తుపట్టమని పిలిచిన ప్రతిచోటికీ వెళ్ళింది, ప్రతిచోటా కాదని చెప్పింది. చివరికి లాజరు ఆమె చెయ్యి పట్టుకుని, ఇంక వెళ్దాం అక్కా అన్నాడు.

జనవరి మొదటి వారంలో ఆమోసు వచ్చాడు. ఆమె తలుపు తీసేసరికి గుమ్మంలో ఎవరో ముసలాయన ఉన్నాడనుకుంది. నలభై ఏళ్ళు కూడా ఉండవతనికి. కుర్చీ చూపిస్తే కూర్చోలేదు, గోడకి ఆనుకుని కింద కూర్చున్నాడు.

"మీకెవరూ చెప్పి ఉండరని వచ్చానమ్మా" అన్నాడు.

శనివారం పొద్దున్నే సొలొమోను అన్నీ తేల్చుకున్నాడట. మగపిల్లలు ప్రార్థన మందిరంలో పడుకోవచ్చు. ఆడపిల్లలు ఆమోసు ఇంట్లో. వంట అతని భార్య మణెమ్మ చేసిపెడతానంది. సొలొమోను అన్నీ పుస్తకంలో రాసుకుని, మా రత్నానికి ఇక అనడానికేం లేదు అని నవ్వాడట. మధ్యాహ్నం బయల్దేరబోతే గాలి పెరిగి పడవలు కట్టేశారు.

"ఊళ్ళో పక్కా కట్టడం ఆ మందిరం ఒక్కటేనమ్మా. ఆడాళ్ళనీ పిల్లల్నీ అందులోకి పంపాం. పిల్లలు భయపడుతుంటే అయ్యగారు వాళ్ళ మధ్య కూచున్నారు."

జీవరత్నం అతనికి ఎదురుగా కింద కూర్చుంది.

"మందిరం నిలవలేదమ్మా. నేను బయట పడవ తాడు చూస్తున్నాను. నీళ్ళు నన్ను తాడిచెట్టుకి కొట్టాయి, పట్టుకున్నాను. మా మణెమ్మా, ఆడపిల్లలిద్దరూ లోపలే ఉన్నారు."

మొహం తుడుచుకుని మళ్ళీ మొదలుపెట్టాడు. పాయకి అవతలి ఒడ్డున ఇంకో పల్లె ఉంది. దాని ముందు మడ దట్టంగా ఉంది. అక్కడికీ నీళ్ళు వచ్చాయి గానీ, ఊపు తగ్గి వచ్చాయి. సగానికి పైగా బతికారు.

"మా వైపు మడ మేమే కొట్టేశాం. పొయ్యిలోకీ, ఇళ్ళ కప్పుల్లోకీ. ఆ పొద్దున అయ్యగారు మొదళ్ళు చూసుకుంటూ నడిచి, ఇదేం పని ఆమోసూ అన్నారు. వచ్చే ఏడు పిల్లలొచ్చి మళ్ళీ నాటుతారులే అన్నారు."

ఆమె అన్నం వడ్డించింది. రెండు ముద్దలు తిని చెయ్యి కడుక్కున్నాడు. వెళ్ళేటప్పుడు ఎక్కడ ఉంటున్నావని అడిగితే, ఇంకా తెలీదన్నాడు.

వాయిదా పడ్డ కమిటీ ఆ నెలాఖరున కూర్చుంది. జీవరత్నం సిలబస్ తిరగరాసి తీసుకెళ్ళింది. మడ అడవిని మొదటి ఏడులోకి తెచ్చింది. ఆయన అన్నట్టే ఆరు రోజులు రాసింది. అందరూ ఆమెతో మెత్తగా మాట్లాడారు. యూనివర్సిటీ నుంచి వచ్చిన పెద్దాయనకి జరిగింది తెలియదు. ఆయన కాగితం తిరగేస్తూ, అంతా బాగానే ఉంది గానీ ముప్పై మంది అక్కడ ఎక్కడ పడుకుంటారమ్మా అని అడిగాడు.



"ఆ ప్రశ్న నేనే అడిగానండి" అంది జీవరత్నం. "జవాబు తేవడానికే మా ఆయన వెళ్ళారు."

రామకోటేశ్వరరావు గారు లేచి మంచినీళ్ళు తెప్పించారు. ఆయనే మధ్యే మార్గం చెప్పారు: పాఠం మొదటి ఏడులోనే ఉంచుదాం, ప్రయాణం మాత్రం తీసేద్దాం, బొమ్మలు చూపించి క్లాసులోనే చెప్పండి. ఎవరి పిల్లల్ని అక్కడికి పంపమంటాం చెప్పండి అన్నారు. సొలొమోను ఉంటే ఒప్పుకునేవాడు కాదు. కానీ ఉప్పెన రాత్రి ఆమోసు పిల్లలు కూర్చున్న చోట ఇంకెవరి పిల్లల్నో కూర్చోబెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. ఒప్పుకుని సంతకం పెట్టింది.

కోర్సు డెబ్భై తొమ్మిది జూలైలో మొదలైంది. పద్నాలుగు మంది చేరారు. మూడో నెల్లో ఆ పాఠం వచ్చింది. మడచెట్టు వేళ్ళు బురదలోంచి పైకి లేచి గాలి పీల్చుకుంటాయని చెబుతూ బోర్డు మీద బొమ్మ గీసింది. ముందు బల్లలో కూర్చున్న సంపూర్ణ అనే అమ్మాయి చెయ్యెత్తి, మనం వెళ్ళి చూడలేమా మేడమ్ అంది. జీవరత్నం లేదమ్మా అని చెప్పి, బొమ్మలో మిగిలిన వేళ్ళు గీయడం పూర్తి చేసింది.

గంట కొట్టాక ప్రిన్సిపాల్ గదికి వెళ్ళి ఆ పాఠాలు ఇంకెవరికైనా ఇవ్వమని అడిగింది. ఆయన కారణం అడగలేదు. మరుసటి ఏడు గన్నవరం నుంచి వచ్చే కుర్ర లెక్చరరుకి ఇచ్చారు. అతను ఉత్సాహంగా, పెద్ద గొంతుతో చెప్పేవాడు. పక్క గదిలో ఆమె బోటనీ క్లాసు. ఆ గంటలో జీవరత్నం పిల్లలకి నోట్సు రాయించేది కాదు, రాయించాలంటే మధ్యమధ్యలో ఆగాలి. గోడ అవతలి మాటలు వినబడకుండా గొంతు పెంచి పాఠం చెప్పేది.